చీటీ లేని పుట

ఊళియానికి, అంటే దేవుని పనికి, కొత్తగా చేరే పిల్లలకు పాఠం చెప్పమని మా ఆఫీసువాళ్ళు ఇప్పటికీ నెలకోసారి నన్ను పిలుస్తారు. నేను రిటైరై రెండేళ్ళు కావస్తోంది. పెట్టెలు ఎలా సర్దుకోవాలో, వీసా కాగితం ఏ జేబులో పెట్టుకోవాలో, పడవలో వాంతులు కాకుండా ఏం చేయాలో చెబుతాను. చివర్లో ఎవరో ఒకరు లేచి, "అయ్యా, మీ ఊళియంలో మరిచిపోలేని అనుభవం ఒకటి చెప్పండి" అంటారు. వాళ్ళకు ఏం కావాలో నాకు తెలుసు. తుఫానులో పడవ, గుడిసెలో పాము, ప్రార్థనకు దిగిన జ్వరం. అలాంటివి నా దగ్గర నాలుగైదు ఉన్నాయి. అవే తిప్పి తిప్పి చెబుతాను. అసలుది ఇంతవరకూ చెప్పలేదు. చెప్పబోయిన ప్రతిసారీ పడవ కథలోకి జారుకుంటాను. అందుకే రాస్తున్నాను, మీరే చదువుకోండి.

మాది కోయంబత్తూరు. గాంధీపురం బస్టాండు నుంచి నడిచిపోయేంత దూరంలో మా కాలనీ. ఎన్ని తరాల కిందట వచ్చామో మాకే తెలియని తెలుగువాళ్ళం. మా తాత, మా నాన్న ఈ ఊరి వీధులు ఊడ్చారు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. బడిలో నేను తెలుగువాణ్ణని పొరపాటున కూడా అనేవాణ్ణి కాదు. అంటే ఏ కాలనీ అని అడుగుతారు. కాలనీ పేరు చెబితే మీ నాన్న ఏం పని చేస్తాడని అడుగుతారు. ఒకసారి మా అమ్మ బడి గేటు దగ్గరికి వచ్చి, "రేయ్, సద్ది మరిచిపోయినావురా!" అని కేకేస్తే, ఇంకెవరినో పిలుస్తోందన్నట్టు అటు తిరిగి నిలబడ్డాను. ఆ రోజు ఆకలితోనే ఉన్నాను. అయినా నాకు బుద్ధి రాలేదు.

అలాంటి నాకు యాభయ్యో ఏట తెలుగు మీద హఠాత్తుగా ప్రేమ పుట్టుకొచ్చింది. కారణం చెబుతాను.

అప్పటికి నేను మా మిషన్ ఆఫీసులో డ్రైవరుగా చేరి, ఇంగ్లీషు ప్రసంగాలను తమిళంలోకి చెప్పే పనికి ఎదిగాను. మా ఆఫీసు పెద్ద మదురై మనిషి. అందరం ఆయన్ని అయ్యా అనేవాళ్ళం. బర్మాలో నది ఒడ్డున ఒక పల్లె ఉందనీ, అక్కడ పాతకాలపు తెలుగు కుటుంబాలు నలభై దాకా ఉన్నాయనీ, తెలుగు తెలిసిన ఊళియక్కారుణ్ణి పంపమని వాళ్ళు అడుగుతున్నారనీ ఆయన ఒక ఉదయం ప్రార్థనలో చెప్పాడు. తర్వాత ఒక ఫారం తిప్పారు. అందులో మూడు గళ్ళు ఉన్నాయి. మాట్లాడగలరా, చదవగలరా, రాయగలరా.

మాట్లాడే గడిలో టిక్కు పెట్టాను. అది నిజం. అక్కడ ఆగాలి కదా! అప్పటిదాకా నేను విమానం ఎక్కలేదు. నాతో చేరినవాళ్ళు ఆఫ్రికా, నేపాల్ తిరిగొచ్చి ఫోటోలు చూపించేవాళ్ళు. పైగా, ఇంట్లో పుట్టి పెరిగిన భాష, దాన్ని చదవడం ఎంత పని, వెళ్ళేలోపు నేర్చేసుకోనా అనుకున్నాను. మిగిలిన రెండు గళ్ళలో కూడా టిక్కులు పెట్టి సంతకం తమిళంలో చేశాను. ఆ సంతకం చూసి కూడా ఎవరికీ అనుమానం రాలేదు.

నేర్చుకున్నానా అంటే, లేదు. అ, ఆ, ఇ, ఈ దగ్గర వారం గడిచింది. గుణింతాలు చూసి భయపడి పుస్తకం మూసేశాను. అయితే నా దగ్గర ఇంకో దారి ఉంది. మా కాలనీ చర్చిలో తెలుగు పాటలన్నీ తమిళ అక్షరాల్లోనే అచ్చు వేస్తారు. మాట తెలుగు, లిపి తమిళం. మా తాతల కాలం నుంచీ అలాగే పాడుతున్నాం, మాకు అందులో వింతేమీ లేదు. నేనూ అదే చేశాను. ఫోనులో తెలుగు వాక్యాలు చదివే గొంతు ఒకటి దొరికితే, ఆపి ఆపి వింటూ తమిళ అక్షరాల్లో చీటీల మీద రాసుకున్నాను. తెలుగు బైబిలు తెరిచి, లోపల చీటీ పెట్టుకుని, పుస్తకం చూసి చదువుతున్నట్టు చదవాలి. చీటీ ఏ పుటలో పెట్టానో నాకే తెలియదు. ఎవడడిగాడు?

ముగ్గురం బయల్దేరాం. అయ్యా, నేను, ఒక నర్సు. ఆ నర్సుది చిన్నమనూరు. ద్రాక్షతోటల మధ్య పుట్టిన పిల్ల, మాటలో మాత్రం తీపి తక్కువ. వాళ్ళ ఇంట్లోనూ తెలుగే. నన్ను అన్నా అని పిలిచేది. కోయంబత్తూరు నుంచి చెన్నైకి రైలు, అక్కడి నుంచి కలకత్తాకు విమానం, కలకత్తా నుంచి రంగూన్‌కు ఇంకో విమానం, ఆపైన పది గంటల బస్సు, సగం రోజు పడవ, చివరన మూడు చక్రాల మోటారు బండి. ఈ దారంతా నలభై తెలుగు బైబిళ్ళున్న పెట్టెను నేనే మోశాను. అయ్యా సాయం పట్టబోతే, "వద్దయ్యా, ఇది నా భాష" అన్నాను. ఆ మాట ఇప్పుడు తలుచుకుంటే చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది.

కలకత్తా విమానాశ్రయంలో ఒక అధికారి పెట్టె తెరిపించాడు. ఒక పుస్తకం తీసి, ఏ భాష అని అడిగాడు. నా మాతృభాష అన్నాను. మధ్యలో ఒక పుట తెరిచి, ఇక్కడేముందో చెప్పమన్నాడు. నేను తడుముకోకుండా చిన్నప్పటి కీర్తన ఒకటి ఒప్పజెప్పాను. ఆయన తలాడించి పొమ్మన్నాడు. పక్కన నర్సు నన్నే చూస్తోంది. నేను మీసం మెలేసినంత పని చేశాను.

ఆ పల్లెలో మమ్మల్ని చూసుకున్న తీరు చెప్పలేను. ఉన్న ఒక్క కుర్చీ నాకు వేశారు. అయ్యాకు కాదు, నాకు! వాళ్ళ తెలుగు వేరు, తీరప్రాంతం నుంచి తాతలు తెచ్చుకున్న పాత తెలుగు. సగం నాకు తెలిసేది, సగం ఊహించుకునేవాణ్ణి. పిల్లలు బర్మా బళ్ళో చదువుకున్నారు. తెలుగు అక్షరం తెలిసిన పెద్దవాళ్ళు ఒక్కొక్కరే పోయారు. పుస్తకం చేత పట్టుకుని తెలుగు చదివే మనిషిని చూసి చాలా ఏళ్ళయిందని పల్లె పెద్ద కళ్ళు తుడుచుకున్నాడు. ఆ ఆదివారం చీటీలు చూసి మూడు అధ్యాయాలు చదివాను. ఒక్క తప్పు పోలేదు.

ఆరాధన అయ్యాక ఒకావిడ లేచి ముందుకొచ్చింది. అరవై ఏళ్ళుంటాయి. లుంగీ గుడ్డలో చుట్టిన పాత పాటల పుస్తకం నా ఒడిలో పెట్టి, నా కాళ్ళ దగ్గర నేల మీద కూర్చుంది.

"బాబూ, ఆ కాలంలో బర్మా సర్కారోళ్ళు మనోళ్ళందరినీ ఓడలెక్కించి పంపీసినారు. మా నాన్న అప్పటికే సచ్చిపోనాడు. అమ్మ తమ్ముణ్ణి ఎత్తుకుని ఓడెక్కి పోనాది. నాకు పదేళ్ళు. ఒళ్ళు తెలీని జొరం. లేసి సూసీసరికి అమ్మా నేదు, తమ్ముడూ నేడు. పిన్ని దగ్గిర వొగ్గీసి పోనాది" అంది.

"మళ్ళీ కబురేమీ రాలేదా అమ్మా?"

"నేదు. ఈ పుస్తకం నాకోసమే పెట్టింది. పిన్ని దాసీసింది, ఇది సూసి నేనూ ఎల్లిపోతానని బయం కావోసు. ఆవిడ సచ్చిపోయినాక పెట్టి అడుగున దొరికింది. అప్పటికి సదివీవోళ్ళు ఈ ఊళ్ళో ఒక్కరూ మిగల్లేదు." పుస్తకం చివరి కాగితం తీసి చూపించింది. పెన్సిల్‌తో నిండా రాసి ఉంది. "నన్నొక్కదాన్నే ఎందుకు వొగ్గీసిందో సదివి సెప్పు బాబూ. ఇంకేటీ అక్కర్నేదు."

పల్లె అంతా చుట్టూ చేరింది. అయ్యా గర్వంగా నా భుజం తట్టి, "చదువు తంబి" అన్నాడు.

ఆ పుటలో చీటీ లేదు.

నాకు రాదు అని రెండు మాటలు అంటే అయిపోయేది. ఏమవుతుంది? అయ్యా మొహం మాడ్చుకుంటాడు, నర్సు నవ్వుకుంటుంది, కుర్చీ తీసేస్తారు. అంతేగా! కానీ ఆ క్షణంలో నాకు మా బడి గేటు కనబడింది. నేను వేలు అక్షరాల కింద పెట్టి మెల్లగా జరుపుతూ చదవడం మొదలుపెట్టాను. ప్రియమైన కూతురా, నీకోసం ప్రార్థన చేస్తున్నాను, దేవుని చిత్తం వల్ల వెళ్తున్నాను, నువ్వు మంచి పిల్లగా ఉండు, ఆయన నిన్ను కాపాడతాడు, ఇట్లు మీ అమ్మ. ప్రసంగాలు చెప్పీ చెప్పీ అరిగిన నోరు కదా, మాటలు వాటంతట అవే వచ్చాయి.

"ఎందుకు వొగ్గీసిందో రాయనేదా?" అందావిడ.

"రాసిందమ్మా. దేవుని చిత్తం అని రాసింది."

"అంతేనా?"

"అంతేనమ్మా."

ఆవిడ వంగి పుటను చూసింది. "ఇన్నేసి గీతలకి అంతేనా బాబూ?"

"పాతకాలపు రాత కదమ్మా, అక్షరాలు పెద్దవి" అన్నాను.

ఆవిడ నా మొహంలోకి చూసింది. తర్వాత పుస్తకం తీసుకుని కళ్ళకద్దుకుని గుడ్డలో చుట్టింది. చుట్టూ ఉన్నవాళ్ళు ఏడ్చారు, అయ్యా కూడా ఏడ్చాడు. మర్నాడు మేం బయల్దేరుతుంటే ఆవిడ ఆకులో చుట్టిన తాటిబెల్లం తెచ్చి నా చేతిలో పెట్టింది. దారిలో తిన్నాను. రుచిగానే ఉంది.

పడవలో అయ్యా కునుకుతుంటే నర్సు నా పక్కకొచ్చి కూర్చుంది.

"అన్నా, ఒకటి అడగనా? నీకి తెలుగు చదవను వస్తాదా?"

"ఏమ్మా, చూస్తివి కదా."

"చూస్తిని. అందుకే అడుగుతుండాను. మా ఇంట్లో మా అప్పకి రాదు, మా తాతకి రాదు. మనవాళ్ళల్లో ఎవురికి వస్తాది?"

"మీ చిన్నమనూర్లో రాదేమో. మా కోయంబత్తూర్లో వస్తాది" అని గట్టిగా అరిచాను. పడవవాడు తిరిగి చూశాడు. ఆ పిల్ల సంచిలోంచి ఎండుద్రాక్ష తీసి ఒక్కొక్కటే నోట్లో వేసుకుంటూ నీళ్ళవైపు చూస్తూ కూర్చుంది.

మా పత్రికలో నా ఫోటో వేశారు, చేతిలో ఆ పాటల పుస్తకంతో. తల్లి ఉత్తరం చదివి కన్నీళ్ళు తుడిచిన సేవకుడు అని కింద రాశారు. మా ఇంటామె దాన్ని కత్తిరించి గోడకు అంటించింది. తొమ్మిదేళ్ళు ఆ గోడకు ఎదురుగా కూర్చుని అన్నం తిన్నాను.

నా రిటైర్మెంటు రోజున అందరూ శాలువాలు కప్పారు. నర్సు ఒక కవరు ఇచ్చింది. ఇంటికెళ్ళి విప్పితే ఒకే కాగితం, రెండువైపులా అచ్చు. ఆ పాటల పుస్తకం చివరి కాగితం, ముందుపక్కా, వెనకపక్కా. ఆ రోజు నేను భోజనానికి లేచి వెళ్ళాక, ఆవిడనడిగి ఫోటోలు తీసుకుందట. తొమ్మిదేళ్ళు దాచింది. కాగితం మూలన తమిళంలో రెండే మాటలు రాసింది. "అన్నా, చదువు."

వెనకపక్క కూడా రాత ఉందని నాకు అప్పుడే తెలిసింది.

గాంధీపురంలో నెల్లూరాయన ఒకాయన మెస్ నడుపుతున్నాడు. మధ్యాహ్నం భోజనాలకూ సాయంత్రం టిఫిన్లకూ మధ్య ఆయనకు తీరిక. నాకు తెలుగు నేర్పమన్నాను. ఈ వయసులో ఎందుకండీ అంటే కాగితం చూపించాను.

"దీనికోసమా? ఇటివ్వండి, రెండు నిమిషాల్లో చదివేస్తా."

నేను కాగితం వెనక్కి లాక్కున్నాను. "వద్దుసామీ. నా తప్పు ఉండాది ఇందులో. నేనే చదవాల" అన్నాను. ఆయనకు నా మీద గౌరవం పెరిగింది. నాకూ నా మీద గౌరవం పెరిగింది. అక్కడే మళ్ళీ దెబ్బతిన్నాను.

పధ్నాలుగు నెలలు పట్టింది. కూరల పేర్లు రాసే బోర్డు మీద ఆయన రాస్తే నేను దిద్దేవాణ్ణి. వంకాయ, గోంగూర, పప్పుచారు. అచ్చు అక్షరాలు ఎనిమిది నెలలకు వచ్చాయి. చేతిరాత లొంగలేదు. ముసలితనంలో ఎంత పట్టుదల అని ఆయన వచ్చినవాళ్ళందరికీ నన్ను చూపించేవాడు. నేను తల వంచుకుని మురిసిపోయేవాణ్ణి. చివరికి ఒక మధ్యాహ్నం కాగితం ముందు పెట్టుకుని, వేలు కదుపుతూ, ఈసారి నిజంగా చదివాను.

ముందుపక్కంతా ఇంటి మాటలే. జ్వరం దిగేదాకా తలస్నానం చేయవద్దు. పిన్ని చెప్పినట్టు వినుకో. నల్లకోడి గుడ్లు అమ్మవద్దు, నువ్వే తిను. అడుగున చివరి మాట, "నిన్నెందుకు". అక్కడితో పుట అయిపోయింది. వెనక్కి తిప్పితే, "తీసుకుపోలేదంటే, జ్వరం ఉన్న పిల్లను ఓడ ఎక్కనివ్వం అన్నారు. ఈ ఓడ తప్పితే మళ్ళీ ఉందో లేదో. తమ్ముణ్ణి మా అమ్మ దగ్గర దింపి నీకోసం వస్తాను. నేను రాలేకపోతే నువ్వు రా." కింద ఊరి పేరు, చర్చి పేరు, అమ్మమ్మ పేరు. చిట్టచివర ఇంకో వాక్యం. "ఇది చదువు వచ్చినవాళ్ళతో చదివించుకో తల్లీ."

మెస్‌లో బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చాను. నెల్లూరాయన మంచినీళ్ళు తెచ్చిచ్చి, కాగితం తీసుకుని తానూ చదివాడు. రెండు నిమిషాలే పట్టింది.

ఆ ఊరి చర్చి పాస్టరు ఫోను నంబరు పట్టుకోవడానికి ఆయనకు రెండు రోజులు చాలాయి. పాస్టరు ఒకావిడకు ఫోనిచ్చాడు. ఆ తమ్ముడి భార్య.

"మా అత్తగారు ఇక్కడికొచ్చిన ఏడాదే కలరాతో పోయారంటండి. మా ఆయన రంగంలో, అదేనండి రంగూన్లో, అక్కుంది, అక్కుంది అంటానే ఉండేవాడండి. రాసిన ఉత్తరాలు తిరిగొచ్చేసేవి. ఆయన పోయి మూడు నెలలైందండి."

లెక్క మీరే వేసుకోండి. నేను ఫారంలో అబద్ధపు టిక్కు పెట్టిన రోజు ఆ తమ్ముడు బతికి ఉన్నాడు. పుట మీద వేలు జరిపిన రోజు బతికి ఉన్నాడు. మెస్ యజమాని రెండు నిమిషాల్లో చదివేస్తానన్న రోజు కూడా బతికే ఉన్నాడు. ఆ తర్వాత పదకొండు నెలలు నేను వంకాయ, గోంగూర దిద్దుకుంటూ, పశ్చాత్తాపపడుతున్నానని నాలో నేను మెచ్చుకుంటూ ఉన్నాను. మొదటిసారి చదువు రాదని చెప్పడానికి సిగ్గుపడ్డాను. రెండోసారి చదువు నేర్చుకుని గెలవాలనుకున్నాను. రెండుసార్లూ నాకు నా మొహమే ముఖ్యమైంది.

నర్సుకు ఫోన్ చేశాను. తిడుతుందనుకున్నాను. "ఆయమ్మకి నువ్వే చెప్పాల అన్నా. నేను చెప్పను" అని, ఆ పల్లెపెద్దగారి కొడుకు నంబరు పంపింది.

వీడియోలో ఆవిడ కనబడింది. జుట్టు పూర్తిగా నెరిసింది. గుర్తుపట్టి, "బాగున్నావా బాబూ?" అంది. నేను ముందే రాసి పెట్టుకున్నదంతా మరిచిపోయాను.

"అమ్మా, ఆ రోజు నేను చదవలేదు. అప్పుడు నాకి చదవను రాదు. ఉత్తదే చెప్పినాను."

"ఎరుకే" అంది. "నువ్వు కాయితం తిప్పనేదు గదా."

 ఆవిడే మళ్ళీ అంది. "ఎనకాతల కూడా రాసుందని నాకు తెలుసు. సదువు రాకపోతే ఏటి, ఆ కాయితం ఎన్నిసార్లు సూసుకున్నానో!"

"మరి ఆ రోజు ఎందుకు అడగలేదమ్మా? ఇంకొకరికైనా చూపించకపోతిరే."

"నీ తరవాత రెండేళ్ళకి సదువుకున్నోడొకడు వచ్చినాడు. సూపించనేదు. సూపిస్తే నీ అబద్దం బయటపడిపోద్ది. దేవుడి మాట సెప్పడానికి అంత దూరం నుండి వచ్చినోడు అబద్దమాడినాడని పిల్లలకి తెలిస్తే మళ్ళీ గుడికొస్తారా? అందుకే బాగా సదివినాడని అందరికీ సెప్పినాను." కొంచెం ఆగి, "నువ్వూ శానా బయపడినావు బాబూ. నీ ఏలు ఒకే గీత మీద రెండుసార్లు పోనాది" అంది.

ఊళియం ఎవరు చేశారో అప్పుడు నాకు తెలిసింది. అయినా నా పని ఇంకా మిగిలే ఉంది. నేను చదువు నేర్చుకున్న సంగతీ, తమ్ముడు పోయిన సంగతీ చెప్పాను. ఎప్పుడు అని అడిగింది. మూడు నెలలు అన్నాను. ఆవిడ తెర మీంచి పక్కకు జరిగింది. చాలాసేపు వెదురు గోడ ఒక్కటే కనబడింది. నేను ఫోన్ పెట్టేయలేదు, పిలవనూ లేదు. తిట్టినా బాగుండును అనుకుంటూ కూర్చున్నాను.

తిరిగొచ్చినప్పుడు ఆవిడ చేతిలో ఆ పుస్తకం ఉంది. చివరి కాగితం తీసి తన ఒడిలో పరుచుకుంది.

"ఇప్పుడు సదువు" అంది.

చదివాను. నర్సు ఇచ్చిన కాగితం చూస్తూ గుణింతాల దగ్గర ఆగాను, ఒకటి రెండు మాటలు తప్పు చదివి మళ్ళీ చదివాను. తలస్నానం దగ్గర ఆవిడ తలాడించింది. నల్లకోడి దగ్గర చిన్నగా నవ్వింది. పుట అడుగుకొచ్చాను. "నిన్నెందుకు" అని చదివి ఆగిపోయాను. అక్కడి నుంచి ముందుకు పోవడానికి నాకు ధైర్యం చాలలేదు.

ఆవిడ తన కాగితం మెల్లగా వెనక్కి తిప్పి, నా కోసం ఎదురుచూసింది.

"తిప్పు బాబూ" అంది.